పాస్‌పోర్టు ఆగిందా? ఎక్కడ ఆగిందో ముందు చూసుకోండి

కడప, రాయచోటి, కర్నూలు వైపు "పాస్‌పోర్టు ఆగిపోయిందన్నా" అనేవాళ్లు చాలామందే గానీ, ఎక్కడ ఆగిందని అడిగితే వెంటనే ఏజెంటుకు ఫోన్ కలుపుతారు. అక్కర్లేదు. పాస్‌పోర్టు కేంద్రంలో ఇచ్చిన రసీదు మీద ఫైల్ నంబరు ఉంటుంది, అదీ పుట్టిన తేదీ కొడితే పాస్‌పోర్టు సేవా సైట్‌లో మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. సైట్ పేరు చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి, నకిలీవి ఉన్నాయి. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకం ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000, అంతే.

కౌంటర్ దగ్గరే వెనక్కి పంపారు

ఎక్కువగా పేరే కారణం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో "పి. రామాంజనేయులు" అని పొడి అక్షరం ఉంటుంది. షేక్ మస్తాన్ వలి ఒక కాగితంలో మూడు ముక్కలు, ఇంకో కాగితంలో రెండు ముక్కలు. నెట్ సెంటర్ అబ్బాయి "ఏం కాదులేన్నా" అని సబ్మిట్ కొట్టేస్తాడు, తిరిగేది మీరు. మెమోనే ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్ సరిచేయించండి, తర్వాతే పాస్‌పోర్టు ఫారం ముట్టుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి మెమో చేతిలో పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి మార్పించండి.

ఇంకోటి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో ఒక్క మాటగా రాయించొద్దు. ఒంటిపేరు పాస్‌పోర్టుకు విజిట్ వీసా ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లోనే చెప్పింది. పాస్‌పోర్టు వచ్చేస్తుంది, దుబాయ్ ప్రయాణం మాత్రం ఆగిపోవచ్చు.

పోలీస్ వెరిఫికేషన్ దగ్గర కదలడం లేదు, లేదా 'అడ్వర్స్' (వ్యతిరేక రిపోర్టు) అని వచ్చింది

ఫారంలో ఏ చిరునామా రాస్తే పోలీసులు అక్కడికే వస్తారు. అనంతపురం వాళ్లు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఊరి అడ్రస్ రాస్తారు, ఇంటికి తాళం, పక్కింటాయన "వాళ్లిక్కడ లేరు సార్" అంటాడు, రిపోర్టు అలాగే పోతుంది. 2018 నుంచి దేశంలో ఎక్కడున్నా అక్కడే అప్లై చేసుకోవచ్చు కదా, బెంగళూరు ఇంటికి రుజువు ఉంటే అదే రాయండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇంకో చిక్కు మొదలైంది: నంద్యాల మనిషి అలవాటుగా కర్నూలు జిల్లా, పుట్టపర్తి మనిషి అనంతపురం జిల్లా ఎంచుకుంటే ఫైల్ సంబంధం లేని ఎస్పీ ఆఫీసుకు పోయి కూర్చుంటుంది. అడ్వర్స్ వచ్చినా భయపడొద్దు, విజయవాడ ప్రాంతీయ పాస్‌పోర్టు ఆఫీసుకు రుజువులు చూపించి మళ్లీ వెరిఫికేషన్ పంపమని అడగండి.

కేసు ఉంది, ఇక రాదంటున్నారు

మన వైపు ఇది పెద్ద భయం. ఊళ్లో గొడవ జరిగితే ఆ రోజు ఊళ్లో లేనివాడి పేరు కూడా ఎఫ్ఐఆర్‌లో ఎక్కుతుంది. కానీ ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన, దర్యాప్తు నడుస్తున్నంత మాత్రాన పాస్‌పోర్టు ఆపకూడదని విదేశాంగ శాఖ 2019 అక్టోబర్‌లోనే మెమో ఇచ్చింది. కోర్టు కేసును విచారణకు తీసుకున్నాకే అది పెండింగ్ కేసు లెక్క. అప్పుడైనా దారి మూసుకుపోలేదు: 1993లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కేసు నడుస్తున్న కోర్టులోనే విదేశం వెళ్లడానికి అనుమతి తెచ్చుకుంటే, కోర్టు చెప్పినంత కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు, కాలం చెప్పకపోతే ఏడాదికి. లాయరుతో పిటిషన్ వేయించేటప్పుడే కాలం రాయమని అడిగించండి, ఏడాది చాలా తొందరగా అయిపోతుంది. లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయిన కేసైతే ఆ ఉత్తర్వు నకలు దగ్గర పెట్టుకోండి, స్టేషన్ రికార్డులో అది ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు. ఉన్న కేసును ఫారంలో 'లేదు' అని మాత్రం రాయొద్దు. దాచిపెట్టడం పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద విడిగా నేరం, లేని కేసు కొత్తగా తెచ్చుకున్నట్టు అవుతుంది.

పోస్టులో వెనక్కి పోయింది

స్పీడ్ పోస్టులో వస్తుంది, మీ చేతికే ఇస్తారు. ఇంట్లో లేకపోతే తిరిగి పాస్‌పోర్టు ఆఫీసుకే పోతుంది. డిస్పాచ్ మెసేజ్ రాగానే పోస్ట్‌మ్యాన్‌తో ఒక మాట మాట్లాడుకోండి, చాలు.

పాస్‌పోర్టు ఉంది, కువైట్ విమానం ఎక్కనివ్వలేదు

చివరి పేజీ తిప్పి ఈసీఆర్ (ఉద్యోగానికి దేశం దాటాలంటే ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి) అని ఉందేమో చూడండి. పదో తరగతి సర్టిఫికెట్ ఇవ్వకుండా అప్లై చేస్తే సాధారణంగా అదే వస్తుంది. గల్ఫ్ దేశాలు కలిపి 18 దేశాలకు ఉద్యోగ వీసా మీద వెళ్లేటప్పుడే ఇది అడ్డు. పది పాసైతే సర్టిఫికెట్ పెట్టి రీ-ఇష్యూకు అప్లై చేసి తీసేయించుకోండి. పాస్ కాకపోతే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి, ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండి ఉండాలి. "విజిట్ వీసా మీద పో అక్కా, అక్కడికెళ్లాక మార్పిస్తా" అనే ఏజెంటు దొరికితే డబ్బు కట్టకండి. అలా వెళ్లినవాళ్లకు జీతం ఎగ్గొట్టినా, కొట్టినా, చూపించడానికి చేతిలో ఉద్యోగ ఒప్పందం కూడా ఉండదు.