పెల్లెట్ స్టవ్ ఇంట్లో బిగించడం ఎలా? పొగ గొట్టం దగ్గర మాత్రం తొందరపడకండి

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో తొమ్మిది చలికాలాలుగా మా ఇంటిని వెచ్చగా ఉంచుతున్నది పెల్లెట్ స్టవ్వే. మా ఇంట్లో ఒకటి, స్నేహితుల ఇళ్ళలో ఆరు నా చేతులతో బిగించాను. ఈమధ్య నాషువా చుట్టుపక్కల ఇళ్ళు కొన్న మనవాళ్ళు హీటింగ్ ఆయిల్ బిల్లు చూసి బెంబేలెత్తి, ఎవరో వాడి అమ్మేసిన స్టవ్ తెచ్చుకుని ఒక్క శనివారంలో బిగించేస్తున్నారు. జనవరి రాగానే ‘అన్నా, స్టవ్ పాడైంది, ఒకసారి వస్తావా’ అని ఫోన్. వెళ్ళి చూస్తే స్టవ్ బాగానే ఉంటుంది, పాడైంది గాలి దారి.

మా నాయనమ్మ రంపపు పొట్టు పొయ్యి వాడేది. రేకు డబ్బాలో నిలువుగా ఒక సీసా, అడుగున అడ్డంగా ఒక కర్ర పెట్టి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరేది. తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి, కర్రను పక్కకి లాగేది. మిగిలిన ఆ కంతలోంచే గాలి ఆడాలి. పొట్టు జారి కంత పూడితే వంటిల్లంతా పొగే. పెల్లెట్లు కూడా రంపపు పొట్టే, కాకపోతే గట్టిగా ఒత్తి పావు అంగుళం లావు గుళికలుగా చేస్తారు. కరెంటు, మోటార్లు, బటన్లు వచ్చాయి కానీ గాలి సంగతి మారలేదు.

ముందు కావలసినవి

స్టవ్, దాని మాన్యువల్, కింద పరిచే మంట అంటని పలక, డబుల్ వాల్ పెల్లెట్ వెంట్ పైపు, గోడ థింబుల్ (పైపు గోడ దాటే చోట బిగించే తొడుగు), బయటి గాలి కిట్ (స్టవ్‌కి బయటినుంచి గాలి తెచ్చే గొట్టం), అధిక వేడికి తట్టుకునే సిలికాన్, కార్బన్ మోనాక్సైడ్ అలారం, స్మోక్ అలారం. సెకండ్ హ్యాండ్ స్టవ్ కొంటుంటే మోడల్ నంబర్‌తో మాన్యువల్ దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి. దొరకకపోతే ఆ స్టవ్ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు, ఎందుకంటే గోడకి ఎంత దూరం ఉండాలో, గొట్టం ఎంత పొడవు పెట్టొచ్చో చెప్పేది అదొక్కటే.

టౌన్ ఆఫీసులో పర్మిట్ అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఒక మాట చెప్పండి. ఇన్‌స్పెక్టర్ వస్తాడని టెన్షన్ పడొద్దు. మీ గోడలోని తప్పును ఉచితంగా చూసిపెట్టే మనిషి ఆయన.

స్టవ్ పెట్టడం

బయటి గోడకి ఆనుకున్న గదిలో, ఇంటికి నడిమధ్యన ఉండే చోటు మంచిది. బేస్‌మెంట్‌లో పెడితే పైఅంతస్తు సరిగ్గా వెచ్చబడదు, అక్కడ పెట్టొద్దు. పలక స్టవ్ తలుపు ముందు కనీసం 6 అంగుళాలు బయటికి రావాలి. గోడకి, కర్టెన్లకి దూరం మాన్యువల్లో ఉన్నంత వదలండి. పెల్లెట్ బస్తాలు స్టవ్ పక్కన పేర్చవద్దు. ఇదంతా ఒక గంట పని.

పొగ గొట్టం: ఇక్కడ ఒక రోజంతా పెట్టండి

కట్టెల స్టవ్‌లో పొగ తనంతట తాను పైకి పోతుంది. గొట్టంలో చిన్న సందు ఉంటే గదిలోని గాలే లోపలికి లాగబడుతుంది, పొగ బయటికి రాదు. పెల్లెట్ స్టవ్ అలా కాదు. ఫ్యాన్ మంటలోంచి గాలిని లాగి పొగను గొట్టంలోకి నెడుతుంది. అంటే గొట్టం లోపల ఒత్తిడి ఎక్కువ. సూది మొనంత సందు ఉన్నా చాలు, అక్కడినుంచి పొగ, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలోకి వస్తాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం. చలికాలంలో ఇవి చూసి ఫ్లూ అనుకుని అదే గదిలో పడుకునేవాళ్ళుంటారు. నేను గొట్టం గురించి ఇంతగా చెప్పేది అందుకే.

పైపు పీఎల్ వెంట్ అని రాసున్నదే కావాలి. లోపల స్టెయిన్‌లెస్ స్టీలు, బయట ఇంకో పొర, రెంటి మధ్య గాలి ఖాళీ ఉంటుంది. బట్టల డ్రైయర్‌కి వాడే అల్యూమినియం పైపు పెట్టిన ఇల్లు నేను కళ్ళారా చూశాను. చేత్తో నొక్కితే సొట్టపడే ఆ పైపు వెనక ఎండిన చెక్క గోడ. గ్యాస్ హీటర్లకి వాడే బీ వెంట్ కూడా పనికిరాదు. రెండు కంపెనీల ముక్కలు కలిపి బిగించవద్దు. కొలత ఒకటే అయినా అతుకు సరిగ్గా కూర్చోదు.

తర్వాత లెక్క. గొట్టం పొడవంటే టేపుతో కొలిచే పొడవు కాదు, పొగకి ఎంత అడ్డు తగులుతుందో ఆ లెక్క. 90 డిగ్రీల ఎల్బో, అంటే వంపు ముక్క, ఒక్కటి 5 అడుగులతో సమానం. టీ, అంటే T ఆకారపు ముక్క, కూడా 5. 45 డిగ్రీల ఎల్బో 3. అడ్డంగా పోయే ప్రతి అడుగు 1, నిలువుగా పోయే ప్రతి అడుగు అర. మొత్తం 15 దాటితే 3 అంగుళాల పైపు చాలదు, 4 అంగుళాలది వేయాలి. మా ఇంటి లెక్క చూడండి: స్టవ్ వెనక టీ 5, నిలువు 4 అడుగులు కాబట్టి 2, ఎల్బో 5, గోడ దాటి బయటికి 2. మొత్తం 14. ఇంకొక్క ఎల్బో పెట్టుంటే 19 అయ్యేది. ‘సోఫా అడ్డొస్తోంది, చిన్న వంపు పెడదాం’ అంటారు. సోఫా జరపండి.

స్టవ్ వెనకనుంచి నేరుగా గోడలోకి అడ్డంగా తోసేయడం సులువే, చాలా మాన్యువల్స్ ఒప్పుకుంటాయి కూడా. నేను మాత్రం ఒప్పుకోను. కనీసం 3, 4 అడుగులు నిలువుగా లేపి అప్పుడు గోడ దాటించాలి. మంచు తుపానుకి కరెంటు పోయిందనుకోండి. ఫ్యాన్ ఆగిపోతుంది, కానీ గుళికలు కాలే పాత్రలో నిప్పు ఇంకా ఉంటుంది. నేరు గొట్టమైతే ఆ పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకొస్తుంది. నిలువు గొట్టమైతే వేడికి తనంతట తాను పైకి లాగుతుంది. ఆ నిలువు ఇంటి లోపలే ఉంచండి. బయట చల్లటి పైపులో లాగుడు తగ్గుతుంది, చెమ్మ పడుతుంది.

గోడ కొయ్యడానికి ముందు లోపల చెక్క స్తంభాలు, కరెంటు వైర్లు, నీళ్ళ పైపులు ఎక్కడున్నాయో చూసుకోండి. చిన్న కంత వేసి వైరు ముక్క దూర్చి నాలుగు వైపులా తిప్పి చూస్తే తెలిసిపోతుంది. థింబుల్ చుట్టూ పైపు మీద రాసినంత ఖాళీ, మామూలుగా 3 అంగుళాలు, వదలాలి. ఆ ఖాళీలో గోడల్లో నింపే ఇన్సులేషన్ దూది కుక్కవద్దు. చలి వస్తుందని కుక్కేవాళ్ళున్నారు. వేడి పోవడానికి వదిలిన చోటు అది.

అతుకుల్లోకెల్లా మోసం చేసేది మొదటిది, స్టవ్ నుంచి పైపుకి కలిసే చోటు. రెండోది టీ కింది మూత. సిలికాన్ పైకి కనిపించే గీత మీద పూసి మురిసిపోకండి, అది త్వరలోనే ఊడుతుంది. ముక్కలు విడిగా ఉన్నప్పుడే లోపలికి దూరే అంచు చుట్టూ తెగకుండా ఒక తీగలా వేసి, కొంచెం తిప్పుతూ దూర్చాలి. కంపెనీ చెప్పిన చోట స్క్రూలు వేసి, ఒక రోజంతా ఆరనివ్వండి. అప్పటిదాకా వెలిగించవద్దు.

గొట్టం బయటి చివరనుండే మూత, తెరుచుకునే కిటికీకి, తలుపుకి పక్కనగానీ కిందగానీ ఉంటే 4 అడుగులు, పైన ఉంటే 1 అడుగు దూరంలో ఉండాలి. జనం నడిచే దారి పక్కనైతే 7 అడుగుల ఎత్తు. డెక్ కింద అసలు వద్దు. నేలనుంచి 1 అడుగు చాలని చాలా మాన్యువల్స్ అంటాయి. అది మంచు పడని చోటికి. మా వైపు గాలికి కొట్టుకొచ్చే మంచు 3 అడుగులు పేరుకోవడం మామూలు. 2005 జనవరిలో పక్కనున్న మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో హీటర్ గొట్టాన్ని మంచు మూసేసి ఏడేళ్ళ పాప చనిపోయింది. ఆ పాప పేరు మీదే నికోల్స్ లా వచ్చింది. 2006 నుంచి ఆ రాష్ట్రంలో ఇళ్ళలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా ప్రతి అంతస్తులో ఒకటి, పడగ్గదుల దగ్గర ఒకటి పెట్టండి. తుపాను ఆగగానే పార పట్టుకుని ముందు వెళ్ళాల్సింది కారు దగ్గరికి కాదు, ఆ మూత దగ్గరికి.

బయటి గాలి, కరెంటు

కొత్త ఇళ్ళు గాలి చొరబడనంత గట్టిగా కడతారు. వంటింటి ఎగ్జాస్ట్ వేస్తే స్టవ్‌కి గాలి చాలక మంట ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకే బయటి గాలి కిట్ ఐచ్ఛికం అని రాసున్నా పెట్టాల్సిందే. కరెంటుకి స్టవ్ కోసమే ఒక ప్లగ్, సర్జ్ ప్రొటెక్టర్, వీలైతే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్. యూపీఎస్ రాత్రంతా నడపడానికి కాదు, కరెంటు పోగానే స్టవ్ ఆఫ్ నొక్కితే నిప్పు ఆరేదాకా ఫ్యాన్ తిరగడానికి. ప్లగ్ పీకి స్టవ్ ఆపే అలవాటు ఉంటే ఈరోజే మానుకోండి.

మొదటిసారి వెలిగించడం

కిటికీలు తీయండి, కొత్త పెయింటు వాసన వస్తుంది. గదిలో లైట్లు ఆర్పి చేతిలో టార్చి పట్టుకోండి. వెలిగే ముందు మొదటి కొన్ని నిమిషాలు గుళికలు బాగా పొగ చిమ్ముతాయి. ఆ సమయంలో టార్చి వెలుగు ప్రతి అతుకు వెంట మెల్లగా తిప్పండి. పొగ కారుతుంటే వెలుగులో సన్నటి దారంలా కనిపిస్తుంది. కనిపించిన చోట గుర్తు పెట్టి, స్టవ్ ఆపి, పూర్తిగా చల్లారాక విప్పి మళ్ళీ సీల్ చేయండి.

అంటుకోకపోతే పాత్రలోని గుళికలు మొత్తం తీసేసి అప్పుడే మళ్ళీ స్టార్ట్ నొక్కండి. తీయకుండా రెండోసారి, మూడోసారి నొక్కితే పాత్ర పొంగి, లోపల పొగ నిండి ఒక్కసారిగా భగ్గుమని అంటుకుంటుంది. అద్దం పగిలిన ఇల్లు కూడా ఉంది. కిరోసిన్, పెట్రోలు లాంటివి దగ్గరికి కూడా తేవద్దు.

స్టవ్ మొరాయిస్తే

పార్టు ఆర్డర్ చేసే ముందు శుభ్రం చేయండి. నాకు తెలిసినవాళ్ళింట్లో గుళికలు పడట్లేదని సర్వీస్‌కొచ్చిన మనిషి ఆగర్ (గుళికలను పాత్రలోకి తోసే మర) మోటారు మార్చాడు, తర్వాత కంట్రోల్ బోర్డు మార్చాడు. గుళికలు మాత్రం అప్పటికీ పడలేదు. చివరికి చూస్తే వాక్యూమ్ స్విచ్‌కి (లోపల గాలి లాగుడు ఉంటేనే గుళికలు పడనిచ్చేది) వెళ్ళే పెన్సిలంత రబ్బరు ట్యూబు మొదట్లో బూడిద గడ్డకట్టి ఉంది. స్విచ్ వైపు ట్యూబు తీసి పేపర్ క్లిప్పుతో పొడిస్తే పది నిమిషాల్లో పని అయిపోయింది.

మంట చూస్తే సగం తెలుస్తుంది. పసుపు, తెలుపు కలిసి చురుగ్గా ఎగిరితే ఆరోగ్యం. ఎర్రగా, పొడుగ్గా, బద్ధకంగా ఊగుతూ అద్దం నల్లబడుతుంటే గాలి చాలట్లేదు. పాత్ర అడుగున కంతలు గట్టిపడిన బూడిద పెంకుతో మూసుకున్నాయేమో గీకి చూడండి. తర్వాత తలుపు గాస్కెట్, అంటే తలుపు అంచు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే తాడు: డాలరు నోటు పెట్టి తలుపు మూసి లాగండి, జారి వచ్చేస్తే గాస్కెట్ మార్చాలి. తర్వాత గొట్టం.

గుళికలు పడకపోతే తలుపు పూర్తిగా మూసిందా, గుళికలు పోసే హాపర్‌లో పొట్టు అడ్డుకట్టిందా చూడండి. వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంటే గదిలోకి వేడి ఊదే ఫ్యాన్‌కి దుమ్ము పట్టి ఉండొచ్చు. ఇక వాక్యూమ్ స్విచ్‌ని, వేడి మితిమీరితే స్టవ్ ఆపే స్విచ్‌ని వైరుతో కలిపేసి స్టవ్ నడిపించే చిట్కా ఎవరైనా చెబితే వినవద్దు. మీ ఇల్లు కాలకుండా ఆపేవి ఆ రెండే.

సామాన్యంగా బస్తా 40 పౌండ్లు, అమెరికా టన్నుకి 50 బస్తాలు. బూడిద 1 శాతం లోపుండే ప్రీమియం రకమే కొనండి. తడి తగిలిన గుళికలు వాడొద్దు. నాలుగు గుళికలు గ్లాసు నీళ్ళలో వేసి చూడండి, కాసేపటికే ఉబ్బి ముద్ద పొట్టు అయిపోతాయి. ఆగర్‌లో జరిగేదీ అదే, ఆ ముద్ద ఎండాక ఉలితో తవ్వాల్సిందే.

పాత్ర రోజూ గీకాలి. బూడిద వారానికోసారి తీయాలి. దాన్ని మూతున్న ఇనుప డబ్బాలో పోసి, ఇంటికి దూరంగా రాయి మీద పెట్టండి. చల్లారిందనుకున్న బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉంటుంది, కాగితం సంచీలో పోసి గరాజ్‌లో పెట్టకండి. మామూలు వాక్యూమ్‌తో పీల్చవద్దు, బూడిద వాక్యూమ్ వేరేది దొరుకుతుంది. టన్నుకోసారి టీ మూత విప్పి గొట్టాన్ని బ్రష్‌తో తోమండి. నేను తోమిన తేదీని మాస్కింగ్ టేపు మీద రాసి హాపర్ మూత లోపలివైపు అంటిస్తాను. బస్తా పోసిన ప్రతిసారీ అది కంటపడుతుంది.