ఒకే బిల్లు రెండుసార్లు మెయిల్ అవుతుంటే: నా అనుభవం

రాణిగంజ్‌లోని ఒక విడిభాగాల హోల్‌సేల్ దుకాణానికి నెలాఖరు బిల్లులు పంపే పనిని కముండా 7 (పనులను వరుస దశలుగా నడిపే సాఫ్ట్‌వేర్)తో, జావాలో కట్టాను. బిల్లులు తక్కువున్న నెలల్లో ఇబ్బంది లేదు. మార్చి వచ్చేసరికి సగం మందికి ఒకే బిల్లు రెండేసి సార్లు వెళ్లింది. "రెండుసార్లు డబ్బు కట్టాలా బాబూ?" అని ఫోన్లు.

మెయిల్ సర్వర్‌ను అనుమానించాను, రీట్రైలను (విఫలమైతే మళ్లీ ప్రయత్నించే సార్లను) 3 నుంచి 1కి తగ్గించాను, సర్వర్‌ను ఆపి నడిపాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి పని నడుస్తుండగానే డేటాబేస్‌లో జాబ్ పట్టిక (నడవాల్సిన పనుల జాబితా) తెరిచాను. లాక్ గడువు, అంటే ఒక జాబ్ దాన్ని తీసుకున్న థ్రెడ్‌కే (పని నడిపే ధారకే) చెందే సమయం, సరిగ్గా 5 నిమిషాలు. బిల్లులన్నీ ఒకే జాబ్‌లో ఒక్కొక్కటిగా పంపే నా లూప్‌కు పట్టేది దాదాపు 7. గడువు తీరగానే ఇంకో థ్రెడ్ అదే జాబ్‌ను తీసుకుని మొదటి బిల్లు నుంచి మళ్లీ మొదలుపెడుతోంది. చివర్లో ఆప్టిమిస్టిక్ లాకింగ్ ఎక్సెప్షన్ (ఒకే రికార్డును ఇద్దరు మార్చారనే లోపం) వచ్చి ఒక ట్రాన్సాక్షన్, అంటే డేటాబేస్‌లో ఒకరు చేసిన మార్పులన్నీ, వెనక్కి పోతుంది, కానీ వెళ్లిపోయిన మెయిల్ వెనక్కి రాదు కదా!

ముందు జాబ్ ఎగ్జిక్యూటర్ (కముండాలో జాబ్‌లను నడిపే భాగం) సెట్టింగ్‌లో లాక్ సమయాన్ని 3,00,000 మిల్లీసెకన్ల నుంచి 12,00,000కు పెంచి, సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టాను. దీంతోనే డూప్లికేట్లు ఆగాయి. అయినా నమ్మకం కుదరక, పంపిన ప్రతి బిల్లు నంబరును విడి ట్రాన్సాక్షన్‌లో సొంత పట్టికలో రాయించాను. పంపే ముందు ఆ నంబరు పట్టికలో ఉందేమో కోడ్ చూడాలి.

మెయిల్ వెళ్లాక, నంబరు రాసేలోపు సర్వర్ పడిపోతే ఒక బిల్లు మళ్లీ వెళ్లవచ్చు. మీ పని 5 నిమిషాల్లోపే ముగుస్తుంటే కారణం వేరే ఉంటుంది. ముందు జాబ్ పట్టిక చూడండి.