ప్రోగ్రెసివ్ రాక్ వినడం నేర్చుకుందాం – 5: డ్రమ్స్ వెనక ఉన్నది ఎవరు?

పోయినసారి ఇచ్చిన అభ్యాసం చాలామందిని బోల్తా కొట్టించింది. తప్పులో సగం నాది. 1972లో యెస్ అనే ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్‌లోకి వచ్చిన డ్రమ్మర్ అలన్ వైట్ పాత పాటలను ఎలా మార్చాడో, కచేరీ ఆల్బమ్ 'యెస్‌సాంగ్స్' విని రాయమన్నాను. ఎక్కువమంది 'పర్పెచువల్ చేంజ్' పట్టుకున్నారు. పట్టుకోరా మరి, దాదాపు 14 నిమిషాల పాట, మధ్యలో డ్రమ్స్ సోలో కూడా ఉంది. వైట్ దెబ్బలోని చురుకుదనం మీద ఒకరు రెండు పేజీలు రాశారు. పరిశీలన బాగుంది. కానీ అక్కడ వాయించింది వైట్ కాదు, అతనికి ముందున్న బిల్ బ్రూఫర్డ్.

ఈసారి జెనిసిస్ అనే మరో బ్యాండ్ గురించి చెప్పాలనుకున్నాను, అది వాయిదా. అంతవరకు ఒక్క మాట గుర్తుంచుకోండి: 1975లో గాయకుడు పీటర్ గేబ్రియెల్ వెళ్లగానే ఆ బ్యాండ్ పాప్ దారి పట్టిందని రాయకండి. తర్వాతి రెండు ఆల్బమ్‌లలో పాత బాణీ చెక్కుచెదరలేదు. 1977లో గిటారిస్ట్ స్టీవ్ హాకెట్ కూడా వెళ్లాకే పాటలు పొట్టివయ్యాయి.

ఇక నాకు చిరాకు తెప్పించే విషయానికి వస్తాను. ఆల్బమ్ విడుదలైన సంవత్సరం చూసి, ఆ ఏడాది బ్యాండ్‌లో ఉన్నవాళ్లే వాయించారని తేల్చేస్తున్నారు. వాయించిన రోజు వేరు, విడుదలైన రోజు వేరు, మనిషి వెళ్లిపోయిన రోజు వేరు. 'క్లోజ్ టు ది ఎడ్జ్' రికార్డింగ్ పూర్తికాగానే, 1972 జులైలో బ్రూఫర్డ్ బ్యాండ్ వదిలేశాడు. చేతిలో మూడే రోజులున్నాయనగా వైట్ ఆ పాటలన్నీ నేర్చుకుని అమెరికాలో వేదిక ఎక్కాడు. ఆల్బమ్ సెప్టెంబరులో అంగళ్లకు వచ్చింది. అది కొని కచేరీకి వెళ్లినవాళ్లు రికార్డులో విన్నది ఒకరిని, వేదిక మీద చూసింది మరొకరిని. 'యెస్‌సాంగ్స్' సంగతి మరీ చిక్కు. వెలువడింది 1973 మేలో, టేపులు మాత్రం 1972వి. 'పర్పెచువల్ చేంజ్', 'లాంగ్ డిస్టెన్స్ రనరౌండ్', దానికి అతుక్కుని వచ్చే 'ది ఫిష్' బ్రూఫర్డ్‌వి, తక్కినవి వైట్‌వి. ఒకే ఆల్బమ్‌లో ఇద్దరు డ్రమ్మర్లు!

ఇంకా నమ్మకం కుదరకపోతే, యెస్ వదిలాక బ్రూఫర్డ్ చేరిన కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ ఆల్బమ్ 'రెడ్' చూడండి. అట్ట మీద మూడు ముఖాలే: రాబర్ట్ ఫ్రిప్, జాన్ వెట్టన్, బ్రూఫర్డ్. లోపల 'ప్రావిడెన్స్'లో మోగే వయొలిన్ అప్పటికే బయటికి వెళ్లిన డేవిడ్ క్రాస్‌ది. శాక్సఫోన్లు వాయించినవారిలో ఒకరు 1969 నాటి తొలి బృందంలోని ఇయాన్ మెక్‌డొనాల్డ్. ఆల్బమ్ విడుదలయ్యే 1974 అక్టోబరు నాటికి ఫ్రిప్ బ్యాండ్‌నే రద్దు చేశాడు. అట్టను కాదు, పాటపాటకీ ఉన్న పేర్లు చదవండి.

పేర్లు చూడకుండా చెవితోనే పట్టుకోవచ్చా? వచ్చు. బ్రూఫర్డ్ స్నేర్ డ్రమ్ (డ్రమ్స్‌లో చురుగ్గా టప్‌మనే చిన్న డ్రమ్) బిగువుగా, రేకు మీద కొట్టినట్టు ఖంగుమంటుంది, పైగా మీరు ఎదురుచూసే చోట పడదు. వైట్ దెబ్బ బరువైనది, తాళాన్ని నేలకు దిగ్గొట్టినట్టుంటుంది. యెస్‌లోకి రాకముందు అతను జాన్ లెనన్‌తో వాయించాడు. నేను చేసే పని చెబుతాను: శబ్దం బాగా తగ్గించి వింటాను. అడుగు స్వరాలు మునిగిపోతాయి, స్నేర్ మిగులుతుంది. ఖరీదైన హెడ్‌ఫోన్లు అడుగుతున్నవారికి కూడా ఇదే జవాబు.

వెళ్లిన మనిషి వెంటే ఎందుకు పడమంటున్నానంటే, యెస్ పోగొట్టుకున్నది కింగ్ క్రిమ్సన్‌కు దక్కింది. అక్కడ మొదట్లో జేమీ మ్యూర్ అనే తాళవాద్యకారుడు రేకులు, గొలుసులు, దొరికిన వస్తువల్లా మోగించేవాడు. 1973 మొదట్లో అతను తప్పుకున్నాక ఆ సామగ్రి బాధ్యత కూడా బ్రూఫర్డ్ మీద పడింది. చేతికింద ఇన్ని వాద్యాలున్న మనిషి ఆ ఏడాది నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీలో ఏం చేశాడో వినండి. మిగతా ముగ్గురూ అప్పటికప్పుడు అల్లుకుంటూ ఒక నెమ్మదైన రాగం అందుకున్నారు. బ్రూఫర్డ్ ఒక్క దెబ్బ కూడా వేయలేదు. ఆ ముక్క 'ట్రియో' పేరుతో 1974లోనే 'రెడ్' కన్నా ముందు వచ్చిన 'స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్' ఆల్బమ్‌లో చేరింది, రచయితల్లో నాలుగో పేరు బ్రూఫర్డ్‌దే. వాయించకుండా ఉండడం కూడా కూర్పులో భాగమేనని బ్యాండ్ ఒప్పుకుందన్నమాట. యెస్‌లో ఇలాంటిది జరిగేదా? నాకు నమ్మకం లేదు.

అభ్యాసం. 'క్లోజ్ టు ది ఎడ్జ్' పాటను స్టూడియో రూపంలోనూ 'యెస్‌సాంగ్స్'లోనూ తీసుకోండి. మొదటిది బ్రూఫర్డ్, రెండోది వైట్. ఈసారి సరిచూసే చెబుతున్నాను. గానం మొదలైన చోటు నుంచి నాలుగు నిమిషాలు చాలు. స్నేర్ పడినచోటల్లా కాగితం మీద చుక్క పెట్టండి, పడుతుందనుకుని పడనిచోట సున్న చుట్టండి. ఒక్కో రూపాన్ని ఏడేసి సార్లు వినాలి. రెండోసారికే అర్థమైందనిపిస్తుంది, అయినా ఆపకండి. కచేరీ రికార్డింగ్ మసకగా ఉంటుంది, తిట్టుకోవద్దు. ఆ తర్వాత 'ట్రియో' పెట్టి, అదే కాగితం వెనక వైపు సున్నలు మాత్రమే చుట్టండి. జెనిసిస్ వచ్చేవారం.