ఈగ చూపు, ఈగ మలుపు: మూడవ పాఠం

గాజు గ్లాసులోని ఈగ చుట్టూ చారల కాగితాన్ని తిప్పితే ఈగ కూడా అదే వైపు తిరుగుతుందని గత పాఠంలో గమనించాము. చుట్టూ ఉన్న దృశ్యమంతా ఒక్కసారిగా జరిగితే, తానే దారి తప్పినట్టు లెక్కగట్టి ఈగ సరిదిద్దుకుంటుంది. అయితే ఈగ తనంతట తాను ఎడమకు మళ్లినా దృశ్యం కుడికి జరుగుతుంది కదా, అప్పుడు ఆ సవరణ మలుపును ఎందుకు అడ్డుకోదు?

రెండు వివరణలు సాధ్యం. మలుపు సమయంలో నాడీమండలం చూపు సంకేతాన్ని పూర్తిగా ఆపివేయవచ్చు. లేదా ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాను తూచి గోనెసంచి బరువు తీసివేసినట్టు, మలుపు వల్ల రావలసిన సంకేతాన్ని ముందే లెక్కగట్టి తీసివేయవచ్చు. ఇటువంటి రెండు వివరణలను విడదీసే ప్రయోగాన్ని గుర్తించడమే నేటి అభ్యాసం.

1950లో జర్మనీకి చెందిన ఫాన్ హోల్‌స్ట్, మిట్టెల్‌స్టెట్ అనే శాస్త్రవేత్తలు ఎరిస్టాలిస్ అనే ఈగ తలను మెడ మీద 180 డిగ్రీలు మెలితిప్పి, ఎడమ కన్ను కుడి వైపుకు వచ్చేలా నిలిపారు. (హనుమకొండ పరిసరాల్లో పూల మీద గాలిలో కదలకుండా నిలిచే ఈగలు దీని బంధువులే.) సంకేతం ఆగిపోయేదే అయితే ఈ ఈగ మామూలుగా నడవాలి. అది మాత్రం ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ పోయింది: తలకిందులైన కళ్ల సంకేతం గుర్తు మారినందున, తీసివేత కాస్తా కూడికగా మారి పొరపాటు రెట్టింపైంది. ఇది ఎంతో తెలివైన ప్రయోగం, కానీ నాడీకణంలో జరిగేది ఇందులో కనిపించదు.

అది 2015లో కనిపించింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో గాబీ మైమన్ బృందం, ముగ్గిన అరటిపండ్ల మీద మూగే డ్రోసోఫిలా ఈగను కదలకుండా బిగించి, రెక్కలు ఆడిస్తుండగా దాని చలనదృష్టి కణాల్లోని విద్యుత్ మార్పులను నమోదు చేసింది. ఈగ తానుగా మళ్లబోయిన ప్రతిసారీ, కళ్ల నుంచి రావలసిన మార్పుకు వ్యతిరేక దిశలో ఆ కణాల విద్యుత్ స్థాయి మారింది. చూపు సంకేతాన్ని ఇలా అణచివేయడం దారి మార్చే మలుపులకే వర్తిస్తుందని, దారిని నిలుపుకొనే సవరణలకు వర్తించదని 2021లో తేలింది. ఆ సవరణలకు చూపు సంకేతమే ఆధారం గనుక, అప్పుడు దాన్ని అణచివేస్తే ఈగ దారే తప్పుతుంది.

అభ్యాసం: ఈగ ఎడమకు మళ్లుతుండగానే చారల కాగితాన్ని వేగంగా కుడికి తిప్పితే, పై రెండు వివరణల్లో ఒక్కొక్కటి ఏమి జరుగుతుందని చెబుతుందో విడివిడిగా నోటుపుస్తకంలో రాయండి. ఆ తరువాతే గ్లాసును ముందు పెట్టుకోండి.