పెళ్లి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వచ్చే తంటాలు

ప్లే నొక్కే ముందు వీహెచ్‌ఎస్ క్యాసెట్ కిటికీలోంచి రీలు చూడండి.

రీలు మీద తెల్లటి మచ్చలుంటే
అది బూజు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో అటకెక్కిన క్యాసెట్లకు మామూలే. అలాగే వీసీఆర్‌లో పెడితే బూజు లోపలంతా అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కూ పాకుతుంది. టేపు తెగినా తెగొచ్చు. ఆ పని తెలిసినవాళ్లతో శుభ్రం చేయించండి. ఇక్కడ డబ్బుకు వెనకాడొద్దు.

మాట వినిపిస్తుంది, బొమ్మంతా చుక్కలే
టేపు పోయిందనుకుని పారేసేది ఇలాంటివాటినే. చాలాసార్లు తప్పు టేపును చదివే వీసీఆర్ హెడ్‌ది, దానికి మురికి పట్టి ఉంటుంది. ప్లగ్ తీసి, మూత విప్పండి. మెత్తటి తోలు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్ము (హెడ్ అమర్చి ఉండే గుండ్రటి భాగం) పక్కన కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పండి. పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరుగుతుంది. దూది పుల్లలు అసలే వద్దు, పోగులు చిక్కుకుంటాయి. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో వీసీఆర్ల తయారీ ఆపేసింది కాబట్టి, ఉన్నదాన్ని కాపాడుకోవాల్సిందే. పూర్తిగా ఆరాకే క్యాసెట్ పెట్టండి.

బొమ్మ మీద అడ్డంగా గీతల పట్టీ
వీసీఆర్‌లో ట్రాకింగ్ (హెడ్‌ను టేపు మీది రికార్డింగ్‌కు సరిగ్గా కుదిర్చే సర్దుబాటు) సర్దితే పోతుంది. బొమ్మ అడుగున నాలుగైదు గీతలు ఎప్పుడూ ఉంటే అది లోపం కాదు. పాత టీవీల్లో అంచు వెనక దాగేది, అంతే. కత్తిరించేయండి.

రంగులు రావు, బొమ్మ దొర్లుతుంది
వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి) ఉందేమో చూడండి. మన టేపులు పాల్ అనే పద్ధతివి: 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్ అయితే మాత్రం ఎన్‌టీఎస్‌సీయే. వీసీఆర్ కూడా దాన్ని ఆడించగలగాలి.

పోనుపోను మాటకూ పెదవులకూ పొంతన ఉండదు
పాత టేపు సిగ్నల్ నిలకడగా రాదు. వీసీఆర్‌ను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ పరికరం మధ్యమధ్య ఫ్రేములు వదిలేస్తుంది, ఆడియో మాత్రం సాగిపోతుంది. తర్వాత ఆడియోను సాగదీసి అతకడం వృథా ప్రయాస, తేడా అంతటా ఒకేలా ఉండదు. వీసీఆర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ (సిగ్నల్‌ను నిలకడగా మార్చే పరికరం) పెట్టాలి. కొన్ని డీవీడీ రికార్డర్లు కూడా ఆ పని చేస్తాయి. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పోర్టుకు కలపడం కూడా మేలు.

తలంబ్రాలు పోసే చేతులు దువ్వెన పళ్లలా చీలితే
టేపులో సెకనుకు 50 ఫీల్డులు (గీత విడిచి గీతతో ఉండే సగం బొమ్మలు) ఉంటాయి. రెండేసి కలిపి చూపడంతో వచ్చిన తిప్పలు ఇవి. క్యాప్చర్‌ను 720×576లో అలాగే ఉంచుకుని, దాని కాపీని డీఇంటర్లేస్ చేయండి, అంటే సగం బొమ్మలను నిండు ఫ్రేములుగా మార్చండి. 25 కాకుండా 50 ఫ్రేములు ఎంచుకుంటే కదలిక సాఫీగా ఉంటుంది.