స్పానిష్ "యా" తెలుగులోంచి నేర్చుకుంటే తేలిక

స్పానిష్ మొదలుపెట్టిన కొత్తలోనే "యా" తగుల్తుంది, చిన్న మాటే, యాప్‌లో దాని పక్కన ఆల్రెడీ అని ఉంటుంది, సరేలే అనుకుని ముందుకెళ్ళిపోతాం. తర్వాత ఎవరినో పిలిస్తే "యా బోయ్" అంటారు, బోయ్ అంటే వెళ్తున్నా. ఆల్రెడీ వెళ్తున్నాడా? ఎక్కడికి? అసలు పిలిస్తే కదా మాట్లాడింది! నేను ఇక్కడ చాలా రోజులు ఆగిపోయా, తర్వాత అర్థమైంది ఏంటంటే మధ్యలో ఇంగ్లిష్‌ని పెట్టుకోవడమే ఇబ్బంది, తెలుగులో దీనికి సరిపోయేవి అన్నీ ఉన్నాయి.

ముందుగా నోట్‌బుక్‌లో "యా = ఫలానా" అని రాసుంటే కొట్టేయండి. మాట కాదు, వాక్యం రాసుకోండి, పక్కన అదే సందర్భంలో మన ఇంట్లో ఏమంటారో రాయండి.

"యా కోమీ" అంటే తినేశాను. "యా యేగో" అంటే వచ్చేశాడు. చూడండి, ఇక్కడ యా అంతా మన "ఏశా"లోనే ఉంది, విడిగా ఇంకో మాట అక్కర్లేదు. "యా తే బాస్?" అంటే అప్పుడే వెళ్ళిపోతున్నావా? ఆ "అప్పుడే"లో ఎంత ఆశ్చర్యం ఉందో యాలో అంతే ఉంటుంది. ఇక "యా లో సే" అంటే తెలుసులే, "యా బెరేమోస్" అంటే చూద్దాంలే. ఈ "లే" నాకు చాలా ఇష్టం, ఇంగ్లిష్‌లో దీన్ని చెప్పాలంటే తంటాలు పడాలి, మనకి నోట్లోనే ఉంది.

"యా బోయ్" సంగతి. వంటింట్లోంచి అమ్మ పిలిస్తే మనం "ఆ వస్తున్నా" అంటాం కదా, అదే ఇది. కాకపోతే బోయ్ అంటే వెళ్తున్నా అని, వాళ్ళు తామున్న చోటు నుంచి లెక్కేస్తారు. మనం తెలుగు అలవాటులో "యా బెంగో" అనేస్తాం, బెంగో అంటే వస్తున్నా కాబట్టి. అక్కడ అది తప్పు, దీన్ని మాత్రం బట్టీ పట్టేయండి.

అన్నిటికంటే ఎక్కువ టైం పెట్టాల్సింది "యా నో", "తోదవీయా నో" తేడా మీద. పెళ్ళయిందా అని అడిగితే "తోదవీయా నో" అంటే ఇంకా కాలేదు. "యా నో" అన్నారంటే ఒకప్పుడు అయింది, ఇప్పుడు ఆ బంధం లేదు అని అర్థం! నేను పెట్టుకున్న గుర్తు ఇది: మన "ఇంక", "ఇంకా" తీసుకోండి, చివర దీర్ఘం ఉంటే తోదవీయా, లేకపోతే యా. "తోదవీయా త్రబాఖో అకీ", ఇంకా ఇక్కడే పనిచేస్తున్నా. "యా నో త్రబాఖో అకీ", ఇంక ఇక్కడ పనిచేయట్లేదు. "యా బాస్తా", ఇంక చాలు. ఇంకాస్త కావాలి అన్నప్పటి ఇంకా మాత్రం వేరు, దానికి "మాస్" ఉంది. రోజూ ఇలాంటి జంటలు ఐదు మీ జీవితంలోంచే తీసి పైకి చదవండి, మీ పాత రూము, మానేసిన జిమ్ము, మొదలుపెట్టని కోర్సు, ఏదైనా సరే.

"యా కే" కూడా మనదే. "యా కే ఎస్తాస్ అయీ, త్రాయెమే ఆగ్వా": ఎలాగూ అక్కడే ఉన్నావు కదా, కాసిని నీళ్ళు తెచ్చిపెట్టు.

ఒంటరిగా వచ్చే యాని పుస్తకంలో చూసి నేర్చుకోలేం, వినాల్సిందే. స్పెయిన్‌లో ఎదుటివాళ్ళు చెప్తుంటే "యా, యా" అంటారు, మన "ఊఁ, అవునవును" లాగా, అదే కాస్త సాగదీశారంటే "ఆఁ చెప్పావులే" అని నమ్మనట్టు. చిలీలో సరే అనడానికీ యానే. మెక్సికోలో "యా మేరో" అంటే దాదాపు అయిపోవచ్చింది. బ్వేనస్ ఐరిస్ వాళ్ళ నోట్లో ఇది "షా" అని వినిపిస్తుంది, వేరే మాట అనుకోకండి. "యా మిస్మో" అని చాలాచోట్ల ఇప్పటికిప్పుడే అన్న అర్థంలో వాడితే, ఈక్వడార్‌లో కాసేపట్లో అని కూడా అంటారు, కాబట్టి అక్కడ ఎవరైనా యా మిస్మో వస్తా అంటే వెంటనే గుమ్మం దగ్గర నిలబడక్కర్లేదు, కూర్చోండి.