మ్యాపు నుంచి గడియారం దాకా – 3వ భాగం: ఢిల్లీ నుంచి టోక్యోకి ఎంతసేపు?

పోయిన భాగంలో ఢిల్లీ, టోక్యోల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని దూరం కట్టారు కదా, జవాబు 5,840 కిలోమీటర్ల దగ్గర్లో వచ్చి ఉండాలి. మరీ తేడాగా వస్తే కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూడండి, అందరం తప్పటడుగు వేసేది అక్కడే. ఇవాళ ఆ దూరాన్ని గంటల్లోకి మారుద్దాం.

పెద్ద జెట్ విమానం పైకెళ్లాక గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. 5,840ని 900తో భాగిస్తే ఆరున్నర గంటలు. దూరాలు చూపించే సైట్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి, ఆ లెక్క నమ్ముకుని ఎవరినైనా రిసీవ్ చేసుకోవడానికి వెళ్తే ఎయిర్‌పోర్టులో కాఫీల మీద కాఫీలు తాగుతూ కూర్చోవాల్సిందే.

ముందు దారి సంగతి. మనం దూరం కట్టిన ఆ దగ్గరి దారి టిబెట్ మీదుగా పోతుంది. విమానం లోపల గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు, అంటే దాదాపు 3,000 మీటర్లకు దిగాలి, టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తులో ఉంటే ఇక దిగేది ఎక్కడికి? అందుకే మామూలుగా దక్షిణం వైపుకి జరిగి, మయన్మార్ మీదుగా చుట్టి చైనాలోకి వెళ్తారు. కాబట్టి లెక్కకి 6,200 వేసుకుందాం.

తర్వాత గాలి. అసలు మజా ఇక్కడుంది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తూ ఉంటుంది, చలికాలంలో జపాన్ మీద దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటిన రోజులూ ఉంటాయి. దారి పొడవునా అంత ఉండదు గనక సగటున 100 అనుకోండి. వెళ్లేటప్పుడు వేగం 1,000 అయింది, 6 గంటల 12 నిమిషాలు. వచ్చేటప్పుడు 800, 7 గంటల 45 నిమిషాలు.

దీనికి ఇంకో గంట కలపండి. రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, లేటైతే మాట పడకుండా కంపెనీ ముందే కలుపుకునే నిమిషాలు, అన్నీ అందులో వచ్చేస్తాయి. వెళ్లడానికి 7:12, రావడానికి 8:45.

ఇప్పుడు టికెట్‌తో సరిచూద్దాం. ఢిల్లీలో రాత్రి 8కి బయల్దేరి టోక్యోలో ఉదయం 7కి దిగుతుందని ఉందనుకోండి. చూడ్డానికి 11 గంటలు, కానీ జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, అది తీసేస్తే ఏడున్నర. తిరుగు టికెట్లో ఉదయం 11:15 నుంచి సాయంత్రం 5 అని ఉంటే మాత్రం అదే మూడున్నర కలపాలి, 9:15 వస్తుంది. తూర్పుకి వెళ్తే తీసేయడం, పడమరకి వస్తే కలపడం, ఇది తిరగేస్తే మొత్తం ఏడు గంటలు తేడా కొడుతుంది, జాగ్రత్త.

హోంవర్క్: హైదరాబాద్–సింగపూర్, 3,300 కిలోమీటర్లు, గడియారంలో తేడా రెండున్నర గంటలు. రెండు వైపులా సమయం కట్టండి, గాలికి మాత్రం 100 వేయకండి, ఎందుకు వేయకూడదో భూమధ్యరేఖ ఎక్కడుందో చూసి మీరే చెప్పాలి.